వేంకన్న పేరు ఎవరి మార్కా?

ఏలూరునుండి ద్వారకా తిరుమలకు పోవు త్రోవలో, కొండ కంటబడుటకు చాల ముందుగనే స్వామివారి నామధేయము కంటబడును. ఫలహారశాలకు వేంకటేశ్వరుడు, ఎరువుల కొట్టునకు బాలాజీ, యాత్రికుల బసకు శ్రీనివాసుడు, ఫోటోలు తీయు అంగడికి పద్మావతీదేవి, సిమెంటు గిడ్డంగికి గోవిందుడు. మెట్ల మొదట చేరునప్పటికి అగరువత్తుల పెట్టెలపైన, కుంకుమ పొట్లములపైన, పటికబెల్లపు సంచులపైన, నేతి డబ్బాలపైన, నీళ్ళ సీసాలపైన ఒకే మూర్తి, ఒకే మూడు నామములు. ఇన్ని సరుకులను ఒక్క స్వామియే తయారుచేయించుచున్నాడా యని పరదేశి యొకడు అనుకొన్నచో అతనిని తప్పు పట్టుటకు వీలులేదు.

మన జనమునకు మాత్రము ఈ విషయమున భ్రాంతి లేదు. పెద్ద తిరుపతికి మ్రొక్కుకొన్న మ్రొక్కును చిన్న తిరుపతిలో చెల్లింపవచ్చును. చిన్న తిరుపతికి మ్రొక్కినది మాత్రము చిన్న తిరుపతిలోనే చెల్లింపవలెను. ఈ కట్టుబాటు గోదావరి, కృష్ణా మండలములలో చదువురాని ముసలమ్మకును తెలియును. ఆ కొండమీదనే ఒక విమానము క్రింద ఇరువురు మూర్తులు: ద్వారకమహర్షి తపస్సునకు వెలసిన స్వయంవ్యక్తమూర్తి యొకరు, రామానుజులవారు ప్రతిష్ఠించిరని చెప్పుకొను మూర్తి మరియొకరు. కావుననే యేటేట వైశాఖమున నొకటి, ఆశ్వయుజమున నొకటి, రెండు కల్యాణోత్సవములు. పేరు ఒకటి, మూర్తులు ఇద్దరు, కొండలు రెండు. అయినను ఎవరి మ్రొక్కు ఎవరికి చెందవలెనో లెక్క తప్పినది లేదు. పేరు ఒకటియైనను సొమ్ము చేరవలసిన చోటు తెలిసియుండవలెనన్న ఈ చిన్న నియమమే నేటి వాణిజ్య చిహ్నముల చట్టమంతటికిని మూలసూత్రమని చెప్పిన అతిశయోక్తి కాదు. భక్తులు పాటించు ఈ నియమమును వర్తకులు పాటింపకపోవుటయే ఈ వ్యాసమునకు కారణము.

తాడేపల్లిగూడెము ప్రాంతమున బియ్యపు మిల్లు నడుపు రైతు ఒకరు మాకు చిరకాల పరిచితులు. తండ్రిగారి నాటినుండి వారి బస్తా ఒకే రూపము: పసుపుపచ్చని సంచి, దానిపై ఎఱ్ఱని కొండ, కొండపై గోపురము, నడుమ స్వామివారి మూర్తి, క్రింద ‘శ్రీ వేంకటేశ్వర’ అని రెండు వరుసల అక్షరములు. ఆ పసుపు సంచిని చూచి హైదరాబాదులోని కిరాణా వర్తకులు మూట విప్పకయే కొనుచుండిరి. రెండేండ్ల క్రిందట ఉత్తరములు, టెలిఫోనులు రాసాగెను. నూకలు కలిసినవనియు, రాళ్ళు వచ్చుచున్నవనియు, ముక్కవాసన కొట్టుచున్నదనియు ఫిర్యాదులు. వీరు స్వయముగ పోయి చూడగా సంచి పసుపే, కొండ ఎఱ్ఱదే, గోపురము అదే, స్వామియు ఆయనయే. అట్టడుగున చీమతలకాయంత అక్షరములలో మిల్లు పేరు మాత్రము వేరు!

వీరు ప్లీడరు గారి యొద్దకు పోయిరి. ‘మార్కా రిజిస్టరు చేయించినారా?’ యని వారి మొదటి ప్రశ్న. లేదు. ‘ఇప్పుడు చేయింపవచ్చునా?’ యని వీరి ప్రశ్న. స్వామివారి పేరుతో, బొమ్మతో చేయింపవీలులేదని వారి సమాధానము. అప్పుడు ఈ రైతు అడిగిన మాట మాకు మరపునకు రాకున్నది: ‘అయ్యా, ఆ పేరు నాది కాకపోతే, వాడిది మాత్రం ఎట్లా అయింది?’

ఈ ప్రశ్నకు సరియైన సమాధానము చెప్పవలెనన్న చట్టము ఎచ్చట నిలిచియున్నదో ముందు చూడవలెను.

మన దేశమున వాణిజ్య చిహ్నములను పట్టికలోనికెక్కించు తొలిచట్టము 1940లో పుట్టినది. దాని స్థానమున 1958లో నొకటి, తరువాత 1999లో మరియొకటి వచ్చినవి. ఈ చివరిదే 2003 సెప్టెంబరు 15వ తేదీనుండి అమలులోనున్నది. మతవిశ్వాసములను నొప్పించునట్టి గుర్తులను రిజిస్టరు చేయరాదని దాని 9వ సెక్షను చెప్పుచున్నది. అంతియ కాదు. కేంద్రప్రభుత్వము వారు 1958 నాటి చట్టము క్రిందనే కొన్ని పేర్లను, బొమ్మలను బొత్తిగా రిజిస్టరు చేయవలదని ఆదేశించియున్నారు. రిజిస్ట్రీవారి నిర్దేశగ్రంథములోని ఆ పట్టికలో బుద్ధభగవానుడు, శిరిడీ సాయిబాబా, శ్రీరామకృష్ణులు, శారదాదేవి, వివేకానందస్వామి, సిక్కుగురువులు, ఛత్రపతి శివాజీ మహారాజు ఉన్నారు. వారితో పాటు, పేరు చెప్పి మరియు, వేంకటేశ్వరస్వామి ఉన్నాడు; బాలాజీ యను పేరును ఉన్నది. ముప్పదిమూడు కోట్ల దేవతలలో ఈ గౌరవము మన వేంకన్నకు దక్కుటకు కారణము ఊహించుట కష్టము కాదు. దేశమున ఆయన పేరు పెట్టుకొన్నన్ని అంగళ్ళు మరి యే దేవుని పేరను లేవు గదా!

తక్కిన దేవతల విషయమున న్యాయస్థానములు ఒక్కొక్క వ్యాజ్యములో ఒక్కొక్క అడుగు వేసి ఇంచుమించు ఈ నిర్ణయమునకే వచ్చినవి. పాలు, నెయ్యి అమ్ము ఒక సంస్థ ‘కృష్ణ’ యను పేరు తమదేయని, ‘లార్డ్ కృష్ణ’ యని వ్రాసికొన్న మరియొక సంస్థపై ఢిల్లీ హైకోర్టులో 2011లో వాదించెను. గొల్లపల్లెలో పెరిగి వెన్న దొంగిలించిన దేవుని పేరు పాలవ్యాపారమున ఒక్కని సొత్తు కానేరదని న్యాయమూర్తులు త్రోసివేసిరి. పాట్నాలో అగరువత్తుల వర్తకులిద్దరు ‘రామాయణ్’ అను మార్కా కొఱకు సుప్రీంకోర్టు వఱకు పోయిరి. పవిత్రగ్రంథము పేరును ఏ యొక్కడును తన సరుకునకు ప్రత్యేకముగ కట్టిపెట్టుకొనజాలడని 2015 అక్టోబరు 27న తీర్పు వచ్చినది. అదే పేరును ఆ వ్యాపారమున ఇరువదిమందికి పైగా వాడుచున్నారను సంగతియు ఆ తీర్పున గణనకు వచ్చినది.

ఈ నిషేధము ధర్మసమ్మతమేయని మా అభిప్రాయము. అయినను ఇది సగము ధర్మము మాత్రమే. ‘రిజిస్టరు చేయరాదు’ అనుట వేరు, ‘వాడరాదు’ అనుట వేరు. రక్షణ కోరి రిజిస్ట్రీ తలుపు తట్టు నిజాయితీపరునికి తలుపు మూయబడినది. ఏ రక్షణయు కోరని మోసగానికి ఈ నిషేధము వలన కలుగు నష్టమేమి? వానికి కావలసినది పట్టికలో పేరు కాదు, పసుపు సంచి!

కొందఱు దీనికి విరుగుడుగ మరియొక మాట చెప్పుచున్నారు. దేవుని పేరు దేవస్థానములకే రిజిస్టరు చేయుడు, ఇతరులెవ్వరు వాడినను దేవస్థానము అనుమతి పొందవలెనని. వినుటకు ఇది న్యాయముగ తోచును. కాని కేరళమున ఆట్టుకాల్ భగవతి దేవాలయపు ట్రస్టువారు దేవి చిత్రమును తమ చిహ్నముగ రిజిస్టరు చేయించుకొన్నపుడు, 2009లో ఆ రాష్ట్ర హైకోర్టే స్వయముగ విచారణకు తీసికొనవలసివచ్చెను. భక్తుని గుండెలోని మూర్తికి ధర్మకర్తల సంఘము యజమాని యెట్లగును? దేవస్థానము పేరు చెప్పి గదులు, దర్శనపు టిక్కెట్లు అమ్ముదుమని అంతర్జాలమున దొంగకొట్లు తెఱచినవారిని పట్టవలసినదే. అది మోసపు నేరము, దానికి వేరు చట్టములు కలవు. కాని మెట్ల ప్రక్కన కొబ్బరికాయలమ్ము ముసలివాడు తన బల్లపై ‘గోవింద’ యని వ్రాసికొనుటకు కార్యనిర్వహణాధికారి సంతకము కావలెననుట మాకు సమ్మతము గాదు. బిడ్డకు పెట్టుకొను పేరు కొట్టునకు పెట్టుకొనరాదా? ఆ పేరు వర్తకుని మ్రొక్కు. పొరుగువాని పేరుప్రతిష్ఠలను దొంగిలించుటకు దానిని వాడినపుడే అది నేరము.

ఇచ్చట ఒక చేదుమాట చెప్పక తప్పదు. భక్తిచే సంచిపై స్వామిని ముద్రించితిమనువారు, ఆ సంచి ఖాళీయైన తరువాత ఏమగునో చూచినారా? మా వీథిలో అది గుమ్మము ముందు కాళ్ళు తుడుచుకొను పట్టయైనది. అగరువత్తుల పెట్టె మురుగుకాలువలో నున్నది. దీపావళి మరునాడు లక్ష్మీదేవి కాలిన కాగితమై బజారులో పొర్లాడుచుండును. చట్టము కన్న ముందు ఇంగితము పలుకవలసిన విషయమిది.

దేవుని బొమ్మతో సరుకమ్ముట మనకు పరదేశి వర్తకులు నేర్పిన విద్యలలో నొకటి. మాంచెస్టరు మిల్లుల తానులపై రంగురంగుల చీటీలు అంటించి పంపెడివారు. ఆ చీటీలపై లక్ష్మి, కృష్ణుడు, హనుమంతుడు. చదువురాని కొనుగోలుదారు బొమ్మను చూచి గుడ్డను గుర్తుపట్టును. పరదేశపు నూలు మన దేవుని ముఖముతో మన ఇంట ప్రవేశించును. మన సాలెవాని మగ్గము మూతపడుటకు ఆ చీటీయే కారణమని అనము గాని, దానికి తోడ్పడిన సాధనములలో అది యొకటి. 1889లో వచ్చిన సరుకుల గుర్తుల చట్టము తానుపై గజముల లెక్క ముద్రింపవలెనని శాసించెనే కాని, ఆ దేవతల జోలికి పోలేదు.

తరువాత ఖద్దరునకు గిరాకి వచ్చినపుడు మన దేశపు మిల్లులే మరబట్టను మోటుగ నేసి ఖద్దరని అమ్మసాగినవి. దానిపై 1934లో ‘ఖద్దరు’, ‘ఖాదీ’ అను పేర్లను కాపాడుటకు ప్రత్యేకముగ నొక చట్టమే చేయవలసివచ్చెను: గుడ్డకు ఆ పేరు పెట్టినచో అది చేత వడికి, చేత నేసినదని అర్థము చేసికొనవలెనని. ఒక్క మాటకు ఒక చట్టము! సరుకు పేరు అబద్ధమాడరాదను సంగతి నాటి ప్రభుత్వము చేతనే, అదియు ఖద్దరు విషయముననే, ఒప్పింపబడినదన్న మన పెద్దల పట్టుదల యెంతటిదో ఊహించుకొనుడు. నేడు ఖాదీ కమిషనువారు ఆ పేరును మార్కాగా పొంది, దానిని ఇష్టము వచ్చినట్లు వాడువారిపై న్యాయస్థానములలో పోరాడుచున్నారు.

మరల మన మిల్లుదారు కడకు వత్తము. ఆయనకు చట్టమున దారి బొత్తిగా లేదని కాదు. రిజిస్టరు కాని గుర్తునకును, ఒకని సరుకును మరియొకని సరుకుగ చెలామణి చేయరాదను పాత న్యాయము రక్ష. కాని అచ్చట మూడు రుజువులు చూపవలెను: తన సంచికి బజారులో పేరున్నదని, ఎదుటివాని సంచి జనమును భ్రమింపజేయుచున్నదని, అందువలన తనకు నష్టము కలిగినదని. దేవుని పేరు తనది కాదు గాని, ఆ పసుపు, ఆ ఎఱుపు, ఆ కొండ, ఆ గోపురము, ఆ అక్షరముల అమరిక యన్నియు కలిసిన ముఖము తనదేయని చెప్పుకొనవచ్చును. ముప్పది యేండ్ల రశీదులు, సంచుల అచ్చుఖర్చుల బిల్లులు, ప్రకటనలు, అన్నియు వెదకి తీయవలెను. మన వర్తకులలో పాత లెక్కపుస్తకములు దాచువారెందఱు?

దీనిలో మరియొక చిక్కు గలదు. రిజిస్టరైన మార్కా గలవాడు తాను నివసించు లేక వ్యాపారము చేయు జిల్లా కోర్టులోనే దావా వేయవచ్చునని 134వ సెక్షను సౌకర్యము కల్పించినది. రిజిస్టరు కానివానికి ఆ సౌకర్యము లేదు. ప్రతివాది ఎచ్చటనుండునో, మోసము ఎచ్చట జరిగెనో అచ్చటికి పోవలెను. గూడెము మిల్లుదారు వరికోతల కాలమున వాయిదాకొక పర్యాయము పరజిల్లాకు ప్రయాణము కట్టుట యెట్టిదో రైతులకు మేము చెప్పనక్కఱలేదు.

జాగు చేసినవాని గతి ఎట్లుండునో తెలిసికొనుటకు ‘అమృతధార’ వ్యాజ్యము చాలును. లాహోరులో 1903 ప్రాంతమున పుట్టిన మందు అది. 1923 మొదలు ‘లక్ష్మణధార’ యను మరియొక మందు ఉత్తరహిందూస్థానమున అమ్ముడుపోవుచుండెను. 1950లో లక్ష్మణధారవారు రిజిస్టరు కోరగా అమృతధారవారు అడ్డుపడిరి. అమృతము వేఱు, లక్ష్మణుడు వేఱు, భ్రాంతి యెక్కడిదని హైకోర్టు అన్నది. సుప్రీంకోర్టు 1962లో దానిని ఒప్పుకొనలేదు. మందు కొనువాడు వ్యాకరణవేత్త కాడు. పదమును విడదీసి విగ్రహవాక్యము చెప్పుకొని కొనడు. సగము జ్ఞాపకముతో, పేరు మొత్తము చెవిన బడిన తీరుతో కొనును. పల్లెవాడును పట్టణవాసియు, చదివినవాడును చదవనివాడును కొనును. కావున భ్రాంతికి అవకాశము గలదనియే తేల్చినది. అయినను అమృతధారవారు ఎదుటివారి వ్యాపారమును ఎఱిగియుండి ఏండ్ల తరబడి ఊరకుండిరి గనుక, ఉత్తరప్రదేశమునకు పరిమితము చేసి లక్ష్మణధారకు రిజిస్టరు ఇచ్చినది. గెలిచియు పోగొట్టుకొనుట యన్న ఇదియే.

2001లో మలేరియా మందుల పేర్ల తగవులో అదే న్యాయస్థానము ఇంకొక మెట్టెక్కి, మందుల విషయమున పేర్ల పోలిక ప్రాణాపాయకరము గాన కొలత మరింత కఠినముగ నుండవలెనన్నది. బియ్యము మందు కాకపోవచ్చును. మూడు పూటల తినునది గదా!

వర్తకులకు మా హితవు ఇది. దేవుని గుడిలో కొలువుడు. సంచిపై మీ సొంత గుర్తు పెట్టుడు. ‘నంబరువన్’, ‘బెస్టు’, ‘సూపరు’ మొదలగు పొగడ్తమాటలు గాని, ఊరి పేరు, సరుకు పేరు గాని ఒంటిగ పెట్టినచో రిజిస్ట్రీవారు ఇది యెవనికైనను చెల్లునని త్రోసివేయుదురు. సరుకుతో పొంతన లేని పేరు ఎంత వింతయైన అంత బలము. చిన్న వ్యాపారి అంతర్జాలము ద్వారా దరఖాస్తు పెట్టుటకు సరుకు తరగతి ఒక్కింటికి రూ. 4,500 రుసుము. అది మన ప్రాంతమునకు చెన్నపట్టణపు కార్యాలయము పరిధి. చిహ్నపు పత్రికలో ప్రకటించిన తరువాత నాలుగు నెలలలో ఎవరును అడ్డుచెప్పకున్న, లేక చెప్పినది నిలువకున్న, రిజిస్టరగును. పదేండ్లకొకసారి పునరుద్ధరించుకొనుచు ఎంతకాలమైన నిలుపుకొనవచ్చును. ఒక పెండ్లిలో బాణసంచాకు చేయు ఖర్చులో ఇది ఎన్నవ పాలో లెక్కించుకొనుడు.

మార్కాకు తోబుట్టువు ప్రకటన. ఈ ప్రస్తావనలో పత్రికలవారము మా ముఖము మేము అద్దమున చూచుకొనవలసియున్నది. ఆంధ్రదేశమున జాతీయపత్రికకు అన్నము పెట్టినది ఒక తలనొప్పి మందు. కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయిలో అమృతాంజనము స్థాపించి, ఆ రాబడితో 1908లో ఆంధ్రపత్రికను వారపత్రికగ ప్రారంభించి, 1914లో చెన్నపురిలో దానిని దినపత్రిక చేసిరి. సంగీతసభలలో ఆ మందును ఉచితముగ పంచిపెట్టి పేరు వ్యాపింపజేసిన నేర్పు వారిది. ఆ పసుపుపచ్చని సీసా ముఖమును అనుకరించినవారును లేకపోలేదు. ఆ సంస్థ న్యాయస్థానములకెక్కవలసి వచ్చెను. మరియొక వైపున గాంధీమహాత్ముడు తన పత్రికలలో ప్రకటనలనే నిరాకరించెను. ఈ రెండును రెండు ధర్మములు. నిజమైన మందును నిజముగ చాటి ఆ ధనమును దేశమునకు వెచ్చించుట ఒకటి. చాటింపే వలదనుట రెండవది. నేడు మన పత్రికలలో అధికభాగము అనుసరించునది ఈ రెండింటిలో ఏదియు కాదు. మధుమేహము మూలముతో మాయమగునని, నలుబది దినములలో బట్టతలపై జుట్టు మొలచునని, సంతానము నిశ్చయమని మొదటి పుటలో అచ్చువేసి, లోపలి పుటలో ప్రజారోగ్యమును గూర్చి వాపోవుట మనకు అలవాటైపోయినది.

చట్టము లేదనుటకు వీలులేదు. మాయమందుల ప్రకటనల నిషేధశాసనము 1954 నాటిది. అది తమ వాక్స్వాతంత్ర్యమును హరించుచున్నదని హమ్‌దర్ద్ దవాఖానా మొదలగువారు సుప్రీంకోర్టునకు పోగా, సరుకమ్ముకొనుటకు చేయు ఇట్టి చాటింపు వాక్స్వాతంత్ర్యములో చేరదని 1959 డిసెంబరులో తీర్పు వచ్చెను. శాసనములో ప్రభుత్వమునకు అతిగ అధికారమిచ్చిన కొన్ని భాగములు మాత్రము కొట్టివేయబడెను. 1995లో టెలిఫోను పుస్తకపు ప్రకటనల వ్యాజ్యములో అదే న్యాయస్థానము ఆ మాటను సడలించి, వాణిజ్య ప్రకటనయు వాక్కేయని, అయితే అబద్ధమునకు, మోసమునకు ఆ రక్షణ లేదని చెప్పెను. ఇది సరియైన త్రాసని మా తలంపు.

ఇక 2019 నాటి వినియోగదారుల చట్టము తప్పుదారి పట్టించు ప్రకటనకు తయారీదారుపై పది లక్షల వఱకు, మరల చేసినచో ఏబది లక్షల వఱకు జరిమానా విధించు అధికారమును కేంద్రప్రాధికారమునకు ఇచ్చినది. ముఖము చూపి సరుకును పొగడిన సినీతారలకు ఒక యేడు, మరల తప్పిన మూడేండ్లు అట్టి పనికి అనర్హత కలుగును. ప్రచురించినవానికిని పది లక్షల వఱకు శిక్ష కలదు. కాని సాధారణ వ్యాపారసరణిలో ప్రచురించితినని నిరూపించిన వదలిపెట్టుదురు. ఈ సందు పత్రికలు దూరుటకే పెట్టినట్లున్నది. బొమ్మ వేసినవాడు బాధ్యుడు, పొగడినవాడు బాధ్యుడు. లక్ష ప్రతులు అచ్చువేసి ఇంటింటికి చేర్చినవాడు మాత్రము తపాలబంట్రోతు వంటివాడా?

పతంజలి సంస్థవారి ప్రకటనలపై వైద్యసంఘము వేసిన వ్యాజ్యములో సుప్రీంకోర్టు 2024లో ధిక్కార నోటీసు ఇచ్చి, క్షమాపణను పత్రికలలో ప్రకటింపజేసి, ఆ క్షమాపణ కంటికి కనబడునంత పెద్దదిగ నున్నదా యని సైతము విచారించి, 2024 ఆగస్టు 13న క్షమాపణనంగీకరించి ఆ ధిక్కారపు విచారణను ముగించినది. అబద్ధము పుట నిండుగ, క్షమాపణ అగ్గిపెట్టె యంతగ నుండరాదను ఈ ఒక్క సూత్రమును మన సంపాదకులు తమ ప్రకటనల శాఖ గోడకు వ్రాసి తగిలించుకొందురు గాక!

పొగడ్త వేఱు, నింద వేఱు అను సంగతియు వర్తకులు గుర్తింపవలెను. గుడ్డలకు పెట్టు నీలిమందుల తగవులో కలకత్తా హైకోర్టు చెప్పిన న్యాయము ప్రసిద్ధము. తన సరుకే లోకోత్తరమని ఒకడు చాటుకొనవచ్చును, అది నిజము కాకపోయినను. ఎదుటివాని సరుకు చెడ్డదని చూపుటకు మాత్రము వీలులేదు. స్వోత్కర్షను చట్టము చిరునవ్వుతో క్షమించుచున్నది, పరదూషణమును క్షమింపదు.

వ్యక్తులకు మార్కా యున్నట్లే ఊళ్ళకును ఒక హక్కు గలదు. దానిని భౌగోళిక సూచిక యందురు. 1999 నాటి చట్టము; ఇదియు 2003 సెప్టెంబరు 15నుండియే అమలు; దాని రిజిస్ట్రీ చెన్నైలోనున్నది. తిరుపతి లడ్డు 2009లో ఆ పట్టికకెక్కినది. పొట్లముపై తిరుపతి పేరు వ్రాసి బజారులో లడ్డు అమ్ముట చెల్లదని అర్థము. ప్రసాదమునకు మార్కా యేమని అప్పుడే కొందఱు ఆక్షేపించిరి. పేరును కాపాడిన చట్టము లోపలి నేతిని కాపాడజాలదని, 2024లో ఆ నేతిని గూర్చి రేగిన వివాదము, దానిపై సుప్రీంకోర్టు ప్రత్యేక దర్యాప్తు సంఘమును నియమింపవలసివచ్చుట చూచినవారికి వేఱుగ చెప్పనేల?

మన పొరుగున ఆత్రేయపురపు పూతరేకులకు 2023లో, నరసాపురపు లేసు అల్లికకు 2024లో ఆ గుర్తింపు వచ్చినది. సంతోషింపవలసినదే. నరసాపురపు లేసు కథ మాత్రము మనస్సును కలచివేయును. మతప్రచారకుల భార్యలు నేర్పిన కుట్టుపని పోను పోను వేలకొలది ఇండ్లలో కూడు పెట్టు పనియైనది. ఆ సరుకు సీమకు పోయెను. వర్తకులకు మేడలు లేచెను. అల్లిన ఆడువారు మాత్రము లెక్కలలో పనివారు కారు, ‘ఇంటిలో ఊరక కూర్చుండువారు’. జర్మనీ పండితురాలు మరియా మీస్ 1982లో వీరిపైననే ఒక గ్రంథము వ్రాసినది. సూచిక రిజిస్టరైనంత మాత్రమున ఆ వ్రేళ్ళకు పైకము రాదు. అధికారపూర్వక వినియోగదారులుగ అల్లువారే, వంటవారే తమ పేర్లు ఎక్కించుకొనవలెను. ఆ పట్టికలో ఎగుమతి వర్తకుల పేర్లే నిండినచో ఊరి పేరు మరల కొలదిమంది సొత్తగును. జిల్లా పరిశ్రమల శాఖవారు ఊరూర శిబిరములు పెట్టి ఈ పని ఎందుకు చేయింపరాదు? ఆత్రేయపురము పేరు వ్రాసిన పెట్టె ద్వారకా తిరుమల మెట్ల కడను, హైదరాబాదు బస్సుల నిలయము కడను అమ్మబడునపుడు, లోపలి రేకు ఎవరి కుండపై పోసినదో అడుగువాడెవ్వడు?

మన మిల్లుదారు చివరకేమి చేసెనని పాఠకులు అడుగవచ్చును. ప్లీడరు గారి నోటీసునకు ఎదుటివాడు సంచి రంగును పసుపునుండి నారింజకు మార్చెను. అంతకు మించి దిగలేదు. దావా నడుచుచున్నది. వీరు మాత్రము ఈ సంక్రాంతినుండి సంచిపై స్వామివారిని తీసివేసి, కొల్లేటి గూడబాతును పెట్టిరి. నీటిపై రెక్కలు చాచిన పెద్ద తెల్లపక్షి, క్రింద ‘గూడబాతు మార్కు’ అని తాటికాయలంత అక్షరములు. దరఖాస్తు చెన్నపట్టణము చేరినది. హైదరాబాదు వర్తకులు మొదట నవ్విరట. పేరు మాత్రము మరువలేదట.

మొదటి సంచులు అచ్చయి వచ్చిననాడు మేమచ్చటనే యుంటిమి. వారి తల్లిగారు, ఎనుబది దాటిన పెద్దావిడ, సంచిని తిప్పి తిప్పి చూచి, ‘ఏరా, దేవుణ్ణి తీసేసి బాతును పెట్టావా?’ యని అడిగిరి. పాత సంచి ముద్రకు వాడిన స్వామివారి చిత్రమును అద్దము కట్టించి గల్లాపెట్టెకు పైగ తగిలించియుండుట కుమారుడు చూపెను. ఆమె లేచి, ఆ పటమునకు ఒక బొట్టు పెట్టి, మిగిలిన కుంకుమను తెచ్చి బాతునకును పెట్టినది.